ఆకలిని ఆపే ఆకులు, గింజలు: తరచుగా అడిగే ప్రశ్నలు

సికింద్రాబాద్‌లో పోషకాహార సలహాదారుగా పనిచేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది చేతిసంచిలోంచి ఏదో ఒక పొడి డబ్బా తీసి బల్ల మీద పెడతారు. "మేడం, ఇది వేసుకుంటే ఆకలి వేయదట, వాడమంటారా?" అన్నది వాళ్ల తొలి ప్రశ్న. బేగంబజార్ మూలికల కొట్లలో కొన్న ఆకు కావచ్చు, ఇంటర్నెట్‌లో తెప్పించిన గుళికలు కావచ్చు, ప్రశ్న మాత్రం అదే. రోజూ చెప్పే జవాబులను ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాను.

ఆకలిని తగ్గించే మొక్కలు నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి. అయితే అవి ఆకలిని చంపవు, కాసేపు వాయిదా వేస్తాయి. పదకొండు గంటలకు వేసే ఆకలిని పన్నెండున్నర దాకా నెట్టగలవు. మారు అన్నం వడ్డించుకోబోయే చేతిని ఆపగలవు. వాటి శక్తి అంతవరకే. నెలకు పది కిలోలు తగ్గిస్తానని ఏ ఆకూ మాట ఇవ్వదు, డబ్బా మీద అచ్చు వేసినవాళ్లు ఇస్తారు.

అవి ఒంట్లో ఏం చేస్తాయి?

మూడు దారుల్లో పనిచేస్తాయి.

మొదటిది కడుపు దారి. ఇసబ్‌గోల్, సబ్జా, మెంతుల్లో ఉండే పీచు నీటిని పీల్చుకొని జిగురుగా ఉబ్బుతుంది. తిన్నది కడుపులోంచి పేగుల్లోకి మెల్లగా జారుతుంది. కడుపు గోడలు సాగినప్పుడు 'ఇక చాలు' అన్న కబురు మెదడుకు వెళుతుంది. ఆ కబురు పూర్తిగా అందడానికి దాదాపు ఇరవై నిమిషాలు పడుతుంది కాబట్టి, గబగబా తినేవారికి కడుపు నిండిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. రెండోది నాలుక దారి, పొడపత్రి అన్న ఆకు నాలుకకు తీపి తెలియకుండా చేస్తుంది. మూడోది మెదడు దారి. కెఫీన్, నికోటిన్, ఎఫిడ్రా అన్న మూలిక వంటివి నరాలను రెచ్చగొట్టి ఆకలి తెలియకుండా చేస్తాయి.

మొదటి దారి నిదానమైనది, భద్రమైనది. మూడో దారి వేగానికి గుండె, రక్తపోటు మూల్యం చెల్లిస్తాయి. ఎఫిడ్రా ఉన్న పోషక ఉత్పత్తులను అమెరికా 2004లో నిషేధించింది అందుకే. నేను మనుషులను మొదటి దారిలోనే నడిపిస్తాను.

మొదట ఏది ప్రయత్నించాలి?

మీ పోపుల పెట్టెలోని మెంతులు. కొత్తగా ఏదీ కొననక్కర్లేదు.

మెంతులు ఎలా పనిచేస్తాయి? ఎంత తీసుకోవాలి?

మెంతి గింజ బరువులో దాదాపు సగం పీచే. అందులో కొంత భాగం నీటిలో జిగురుగా మారే రకం. రాత్రి గిన్నెలో రెండు చెంచాల మెంతులు నానబెట్టి పొద్దున చూడండి. గింజ రెట్టింపై, వేళ్ల మధ్య నొక్కితే జారిపోతుంటుంది. ఆ జారుడు గుణమే కడుపులో పనిచేస్తుంది. రెండు చెంచాలంటే సుమారు పది గ్రాములు, అంటే ఐదు గ్రాముల పీచు. రెండువేల కిలోక్యాలరీలు తినే మనిషికి రోజుకు 30 గ్రాముల పీచు కావాలన్న లెక్కలో అది ఆరో వంతు.

నానిన గింజలను ఆ నీళ్లతో సహా మధ్యాహ్న భోజనానికి అరగంట ముందు నమిలి మింగండి. చేదు భరించలేనివాళ్లు మజ్జిగలో కలుపుకోవచ్చు, మొలకెత్తించి తినవచ్చు. వడకట్టి నీళ్లు మాత్రమే తాగి గింజలు పారబోసేవారిని చాలామందిని చూస్తున్నాను. పీచు గింజలోనే ఉంది, దయచేసి పారేయకండి.

మధుమేహ రోగులకు మెంతులిచ్చి చేసిన తొలితరం పరిశోధనలు కొన్ని 1980లు, 90లలో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలోనే జరిగాయి. మన ఊళ్లో తేలిన విషయాన్ని మనం పైదేశపు డబ్బాల్లో వెతుక్కోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఒంటికి, మూత్రానికి ఒక రకమైన తీపి వాసన వస్తే భయపడకండి, అది మెంతుల వల్లే. పల్లీలు, శనగలు పడనివారికి మెంతులు కూడా పడకపోవచ్చు. వాళ్లు కొద్దిగా తిని చూసుకోవాలి. గర్భిణులు పోపుకు మించి వాడవద్దు.

ఇసబ్‌గోల్ మలబద్ధకానికి కదా, ఆకలికి ఎలా?

రెండింటికీ కారణం ఒకటే, నీరు పీల్చుకొని ఉబ్బడం. గుజరాత్, రాజస్థాన్‌లలో పండే చిన్న గింజ పైపొట్టు ఇది. పేరు పారశీకం నుంచి వచ్చింది. గుర్రపు చెవిలా ఉంటుంది కనుక గింజకు ఆ పేరు పెట్టారు.

నా బల్ల మీద ఎప్పుడూ ఒక గాజు గ్లాసు ఉంటుంది. కొత్తగా వచ్చినవారి ముందు అందులో చెంచాడు పొట్టు వేసి, పావు గ్లాసు నీళ్లు పోసి, మాట్లాడుతూ కూర్చుంటాను. ఐదు నిమిషాలకు గ్లాసు తలకిందులు చేస్తే ముద్ద కింద పడదు, అడుగునే అతుక్కొని ఉంటుంది. "ఇదే మీ గొంతులో జరిగితే?" అని అడుగుతాను. మరి చెప్పనక్కర్లేదు. తక్కువ నీళ్లతో మింగితే ఇసబ్‌గోల్ గొంతుకు, అన్నవాహికకు అడ్డం పడుతుంది. అందుకే ఒక చెంచాకు నిండు గ్లాసు నీళ్లు, కలిపిన వెంటనే తాగడం, ఆ పైన ఇంకో అర గ్లాసు. మొదటి వారం అర చెంచాతో మొదలుపెడితే కడుపుబ్బరం ఉండదు. భోజనానికి అరగంట ముందు సరైన వేళ. పడుకునే ముందు వద్దు. మింగడం కష్టమయ్యేవారు, పేగుల్లో అడ్డంకికి చికిత్స పొందినవారు అసలే వద్దు.

సబ్జా, చియా, తులసి గింజలు మూడూ ఒకటేనా?

కాదు. సబ్జా మన రుద్రజడ గింజ, ఫాలూదాలో నల్లటి చుక్కల్లా తేలేది అదే. పూజకు వాడే తులసి దాని దగ్గరి చుట్టం, గింజ వేరు. చియా మెక్సికో ప్రాంతపు మొక్క, మన దగ్గర ఇటీవలే ప్రచారంలోకి వచ్చింది. సబ్జా పావుగంటలో ఉబ్బుతుంది, చియాకు ఇంకాస్త సమయం కావాలి. ఆకలి వరకూ రెండూ చేసే మేలు దగ్గరదగ్గరగా ఒకటే. సబ్జా చవక. ఎండాకాలంలో నిమ్మరసంలో వేసుకుంటే దాహమూ తీరుతుంది. పాలు, గులాబీ షర్బత్, ఐస్‌క్రీమ్ కలిపిన ఫాలూదాలో సబ్జా ఉందని సరిపెట్టుకోకూడదు.

పొడపత్రి నమిలితే తీపి మీద కోరిక పోతుందంటారు. నిజమేనా?

ఇది నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న. చెప్పడం కన్నా చూపించడమే మేలు.

ఓ మధ్యాహ్నం పుల్లారెడ్డి మిఠాయిల పెట్టెతో ఒకావిడ వచ్చారు. భోజనం తరువాత రోజూ రెండు ముక్కలు తినకుండా ఉండలేనన్నారు. కుండీలోంచి రెండు పొడపత్రి ఆకులు కోసి కడిగి ఇచ్చాను. మొదట కాస్త చేదు, వగరు. నిమిషం పాటు నమిలి, నాలుకంతా తిప్పి ఉమ్మేయమన్నాను. తరువాత చెంచాలో పంచదార అందించాను. ఆవిడ నోట్లో వేసుకొని కళ్లు పెద్దవి చేశారు. "మేడం, ఇది ఇసుక!" అన్నారు. తరువాత మైసూర్‌పాక్ ముక్క కొరికారు. నెయ్యి తగిలింది, శనగపిండి తగిలింది, తీపి లేదు. ఆ ముక్కను సగంలోనే పెట్టెలో పెట్టేశారు.

పొడపత్రిలోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని గుర్తించే చోట అతుక్కుంటాయి. చక్కెరకు అక్కడ చోటు దొరకదు. ఉప్పు, పులుపు మామూలుగానే తెలుస్తాయి. ఈ ప్రభావం అరగంట నుంచి గంట సేపు ఉంటుంది. హిందీలో గుడ్‌మార్ అన్న పేరు, సంస్కృతంలో మధునాశిని అన్న పేరు అందుకే వచ్చాయి.

భోజనం తరువాత మిఠాయి అలవాటును తెంచుకోవడానికి ఇది మంచి సాయం. అన్నం ఆకలిని మాత్రం ఇది తగ్గించదు. గుళిక మింగితే నాలుకకు ఆకు తగలదు కాబట్టి ఈ ఫలితమూ రాదు. ఇంకో ముఖ్యమైన మాట: పొడపత్రిని మింగితే రక్తంలో చక్కెర తగ్గవచ్చు. ఇన్సులిన్, చక్కెర జబ్బు మాత్రలు వాడేవారు డాక్టరుకు చెప్పకుండా మింగితే చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి.

కుందేటి కొమ్ముల గురించి చెప్పండి. మా నాయనమ్మ కొండ మీద నుంచి తెచ్చేవారు.

తెలంగాణ, రాయలసీమ రాతిగుట్టల మీద పెరిగే, ఆకులు లేని, నాలుగు పలకల కాడ అది. కారల్లము అని కూడా అంటారు. వృక్షశాస్త్రంలో ఈ మొక్కల జాతికి పెట్టిన కారల్లూమా అన్న పేరు తెలుగు మాట నుంచే వెళ్లింది. కరువు రోజుల్లో ఉప్పు, మిరియాలతో పచ్చిగా తినేవారు, పచ్చడి చేసేవారు. గొడ్ల వెంట, వేట వెంట వెళ్లేవారు ఆకలి, దాహం తెలియకుండా నమిలేవారు. పెద్దల అనుభవం నుంచి వచ్చిన మొక్క కాబట్టి దీన్ని తేలిగ్గా తీసిపారేయను.

బెంగళూరులో యాభైమంది పెద్దవారి మీద చేసిన పరిశోధన 2007లో అచ్చయింది. అరవై రోజులు, రోజుకు ఒక గ్రాము సారం ఇచ్చారు. మందు లేని ఉత్తుత్తి గుళికలు తిన్నవారితో పోలిస్తే ఆకలి తగ్గింది, నడుము చుట్టుకొలత తగ్గింది. బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ప్రకటనల్లో మొదటి వాక్యం చెప్పి రెండోది దాచేస్తారు. మీరు రెండూ గుర్తుంచుకోండి. కొందరికి కడుపునొప్పి, మలబద్ధకం వస్తాయి.

గుట్ట మీద సొంతంగా కోసుకోవాలనుకునేవారికి హెచ్చరిక. నాలుగు పలకల కాడలన్నీ కుందేటి కొమ్ములు కావు. నల్లేరు కాడ కూడా నాలుగు పలకలే, అయితే అది కణుపు కణుపుగా అల్లుకునే తీగ. సరిగా వండకపోతే నోరు దురద పెడుతుంది. జెముడు జాతి మొక్కలైతే తుంచగానే తెల్లటి పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు. కుందేటి కొమ్మును తుంచితే పాలు రావు, నీటి చెమ్మే వస్తుంది. అయినా తెలిసినవారు పక్కన లేకుండా కోయకండి, మొదలంటా పీకకండి.

హూడియా కూడా ఇలాంటిదేనా?

దీని దూరపు చుట్టమే. దక్షిణాఫ్రికా కలహారీ ఎడారిలో శాన్ ప్రజలు వేటకు వెళ్లినప్పుడు నమిలే మొక్క. దాని సారానికి అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ పేటెంటు తీసుకుంది. శాన్ ప్రజలకు లాభంలో వాటా ఇవ్వడానికి 2003లో గానీ ఒప్పందం కుదరలేదు. ఫైజర్ కొంతకాలం పరిశోధించి వదిలేసింది, తరువాత యూనిలీవర్ కూడా 2008లో తప్పుకుంది. అంత పెద్ద సంస్థలు వదిలేసిన మొక్కను డబ్బాలో పెట్టి అమ్ముతున్నారంటే, లోపల ఏముందో అనుమానించాల్సిందే.

ఉత్తరేణి గింజల పాయసం తింటే వారం రోజులు ఆకలి వేయదట కదా?

ఈ మాట గాలికి పుట్టలేదు. చరక సంహిత సూత్రస్థానం రెండో అధ్యాయానికి అపామార్గ తండులీయం అని పేరు. అపామార్గం అంటే ఉత్తరేణే. ఉత్తరేణి గింజలను పాలతో, ఉడుము మాంసరసంతో వండిన జావ ఆకలిని పోగొడుతుందని అక్కడ ఉంది. వినాయక చవితి పత్రిలో ఇరవై ఒక్కటిలో ఒకటిగా మనం పూజించే మొక్క అది. ఖాళీ స్థలాల్లో, రైలు పట్టాల పక్కన విరివిగా పెరుగుతుంది. బట్టలకు అంటుకునే గింజ ఎవరికైనా గుర్తుంటుంది.

గ్రంథంలో ఉంది కదా అని వండుకోవడం మాత్రం వద్దు. చరకుడు ఆ జావను వైద్యుడి చేతికి ఇచ్చాడు, బరువు తగ్గాలనుకునేవారి వంటింటికి కాదు. ఉత్తరేణిలో కడుపును చికాకుపెట్టే సపోనిన్లు అన్న పదార్థాలు ఎక్కువ. సంప్రదాయంలోనే దీన్ని గర్భస్రావానికి వాడిన దాఖలాలున్నాయి, కాబట్టి గర్భిణులు దరిదాపుల్లోకి వెళ్లకూడదు. పైగా రోజుల తరబడి ఆకలి వేయకపోవడం ఆయుర్వేదం దృష్టిలో ఆరోగ్యం కానే కాదు. దాన్ని అగ్నిమాంద్యం, అంటే జీర్ణశక్తి మందగించడం అంటారు, దానికి చికిత్స చేస్తారు.

మరి శొంఠి, మిరియాలు, పిప్పళ్లు బరువు తగ్గిస్తాయని ఇస్తున్నారే?

ఈ మూడూ కలిపిన త్రికటు ఆకలిని పెంచడానికి ఇచ్చే మందు. జ్వరం తగ్గాక నోరు చేదుగా ఉన్నవారికి మన పెద్దలు శొంఠి కలిపి పెట్టింది ఆకలి పుట్టాలనే. మీకు కావలసింది దానికి ఎదురు.

పచ్చిమిర్చి, ఎండుకారంలోని కాప్సైసిన్ ఆకలిని కొద్దిగా తగ్గిస్తుందన్న మాట నిజమే. అయితే పుట్టినప్పటి నుంచి కారం తింటున్న మనకు ఆ ప్రభావం తక్కువ. పైగా కారం ఎక్కువైన కొద్దీ అన్నమూ ఎక్కువే కలుపుతాం.

గార్సీనియా గుళికలు?

కేరళలో చేపల పులుసులో వేసే కుడంపులి సారం అది. 1998లో అమెరికాలో 135 మంది మీద పన్నెండు వారాలు పరీక్షించారు. బరువు తగ్గడంలో ఉత్తుత్తి గుళికలకు, దీనికి తేడా లేదు. తరువాతి కాలంలో ఈ గుళికలు వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. పులుసులో వేసుకోండి, గుళికగా వద్దు.

గ్రీన్ టీ ఎన్ని కప్పులు తాగవచ్చు? ఇరానీ చాయ్ కూడా ఆకలి చంపుతుంది కదా?

కప్పులో తాగే గ్రీన్ టీ రోజుకు రెండు మూడు సార్లు ఫరవాలేదు. దాని సారాన్ని చిక్కబరచి గుళికల్లో పెట్టినప్పుడే చిక్కు. రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఆ సారంలోని ఈజీసీజీ అన్న పదార్థాన్ని తీసుకుంటే కాలేయానికి ఒత్తిడి మొదలైన సూచనలు కనిపిస్తున్నాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది.

ఇరానీ చాయ్ విషయం వేరు. కెఫీన్ కొంతసేపు ఆకలిని అణచడం నిజం. కానీ చిక్కటి పాలు, పంచదార, పక్కన రెండు ఉస్మానియా బిస్కట్లు కలిస్తే అది చిన్న భోజనమే. అలా రోజుకు నాలుగుసార్లు తాగి "నేను ఏమీ తినడం లేదు మేడం" అనేవారికి నేను లెక్క వేసి చూపిస్తాను. భోజనంతో పాటే టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు భోజనానికి, టీకి మధ్య గంటయినా విరామం ఇవ్వాలి.

పొద్దున పార్కుల దగ్గర అమ్మే రసాలు తాగితే మధ్యాహ్నం దాకా ఆకలి వేయడం లేదు. మంచిదేనా?

కేబీఆర్ పార్కు, ఇందిరా పార్కు వంటి చోట్ల నడిచి వచ్చాక కాకర, సొర, గోధుమగడ్డి రసాలు తాగడం ఎందరికో అలవాటు. వడకట్టాక పీచు పోతుంది కాబట్టి ఆకలి మీద వీటి పని తక్కువ. అన్నిటికన్నా ముఖ్యం సొరకాయ రసం. నోట పెట్టగానే చేదనిపిస్తే వెంటనే ఉమ్మేయండి. చేదు సొరకాయలో కుకుర్బిటాసిన్లు అన్న విషపదార్థాలు ఉంటాయి. వాంతులు, రక్త విరేచనాలు, రక్తపోటు పడిపోవడం వరకూ వెళుతుంది. మన దేశంలో ప్రాణాలు పోయిన ఉదంతాలున్నాయి. ఆ తరువాతే భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల బృందాన్ని వేసి, చేదు సొరకాయ రసం తాగవద్దని చెప్పింది. కాకర చేదు, సొర చేదు కలిపి ఇచ్చినప్పుడు తేడా తెలియదు. కాబట్టి కలిపిన రసం తాగవద్దు.

డబ్బా మీద 'పూర్తిగా సహజం' అని ఉంది. నమ్మవచ్చా?

ఆ ఒక్క మాటను చూసి నమ్మకండి. రెండు సంగతులు చెబుతాను.

1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే ఒక క్లినిక్ చైనా మూలికల గుళికలు ఇచ్చింది. ఒక మూలికకు బదులు మరొకటి, అరిస్టొలోకియా జాతిది, కలిసిపోయింది. వందమందికి పైగా స్త్రీల మూత్రపిండాలు పాడయ్యాయి. కొందరికి తరువాత మూత్రనాళాల్లో క్యాన్సర్ వచ్చింది. మన ఈశ్వరి వేరు ఆ జాతిదే. మూలికల పొట్లంలో ఆ పేరు కనిపిస్తే పక్కన పెట్టేయండి.

రెండోది సిబుట్రమిన్. ఆకలిని తగ్గించే రసాయన మందు అది. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని తేలాక 2010లో అమెరికా, ఐరోపా మార్కెట్ల నుంచి వెళ్లిపోయింది. 2011లో మన దేశమూ నిషేధించింది. అయినా మూలికల మందుల్లో దొంగచాటుగా కలిపి అమ్ముతూ దొరికిపోయినవారు ప్రపంచమంతటా ఉన్నారు. అందుకే నేను చెప్పే గుర్తు ఇది: ఏ మూలికా రెండు రోజుల్లో ఆకలిని పూర్తిగా మాయం చేయదు. అలా చేసి, దానితో పాటు నోరు ఎండిపోవడం, నిద్ర పట్టకపోవడం, గుండె దడదడలాడటం ఉంటే వెంటనే ఆపి, డబ్బాతో సహా డాక్టరు దగ్గరకు వెళ్లండి. డబ్బా పారేయకండి. మందుల దుష్ప్రభావాలు తెలపడానికి 1800-180-3024 అన్న ఉచిత నంబరు ఉంది.

కొనేటప్పుడు ఆహార ఉత్పత్తి అయితే పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, ఆయుర్వేద, యునానీ మందు అయితే తయారీ లైసెన్సు నంబరు చూడండి. ఏ మొక్క, ఏ భాగం, ఎన్ని మిల్లీగ్రాములు అన్నది రాయని డబ్బాను కొనకండి.

ఆకలి తగ్గించే ఇంజెక్షన్లకు బదులు మొక్క ఏదైనా ఉందా? బెర్బెరిన్ అంటున్నారు.

సమానమైనది లేదు. సెమాగ్లూటైడ్ వంటివి మన పేగులు విడుదల చేసే జీఎల్‌పీ-1 అన్న హార్మోన్‌లా పనిచేస్తాయి. మన ఒంట్లోని హార్మోన్ నిమిషాల్లో కరిగిపోతుంది, ఈ మందు వారం నిలుస్తుంది. డాక్టరు పరీక్షించి ఇవ్వాల్సిన మందు అది. మానుపసుపు వంటి మొక్కల్లో ఉండే బెర్బెరిన్ చక్కెరను, కొవ్వును కొంత తగ్గిస్తుంది, బరువు మీద దాని ప్రభావం స్వల్పం. చాలా మందులతో పేచీ పెట్టుకుంటుంది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు నిషిద్ధం, పసిబిడ్డకు కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది.

రోజూ మాత్రలు వేసుకునేవారు ఇసబ్‌గోల్, మెంతులు వాడవచ్చా?

వాడవచ్చు, వేళ మార్చుకోవాలి. జిగురు పీచు మాత్రలను చుట్టేసి ఒంటికి పట్టనివ్వదు. మామూలు మాత్రలకు రెండు గంటలు, థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటలు ఎడం ఉంచండి. రక్తం పలచబడే మందులు, ముఖ్యంగా వార్ఫరిన్ వాడేవారు మెంతులను మందులా తీసుకునే ముందు డాక్టరును అడగాలి. చక్కెర మాత్రలు వాడేవారు మొదటి రెండు వారాలు తరచుగా చక్కెర చూసుకోవాలి. వాడుతున్న గింజలూ ఆకులూ అన్నీ డాక్టరుకు చెప్పండి. "అది మందు కాదు కదా" అని దాచవద్దు.

రంజాన్‌లో సహర్ వేళ ఇసబ్‌గోల్ తీసుకుంటే పగలంతా ఆకలి తెలియదా?

వద్దు. పగలు నీళ్లు తాగరు కాబట్టి మలబద్ధకం ముదురుతుంది. సహర్‌లో జొన్న రొట్టె, పప్పు, గుడ్డు, పెరుగు తినండి, అవే ఎక్కువ సేపు నిలబెడతాయి. సబ్జా ఇఫ్తార్ తరువాత, నీళ్లు మళ్లీ తాగగలిగే వేళలో మంచిది. ఏకాదశి ఉపవాసాలు చేసేవారికీ ఇదే సలహా. సగ్గుబియ్యం త్వరగా అరిగి ఆకలి పెంచుతుంది, పల్లీలు కలుపుకోండి.

రాత్రి షిఫ్టులో పనిచేస్తాను. అర్ధరాత్రి ఆపుకోలేని ఆకలి. ఏ మూలిక వాడాలి?

మీకు కావలసింది నిద్ర. నిద్ర చాలకపోతే ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, చాలు అనిపించే లెప్టిన్ తగ్గుతుంది. మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయాల నుంచి వచ్చే పిల్లలు తెల్లవారుజామున రెండింటికి బిర్యానీ తెప్పించుకోవడం వెనక బలహీనత లేదు, ఒంటి రసాయనాలున్నాయి. షిఫ్టుకు ముందు పప్పు, కూర, గుడ్డు లేదా ఉలవచారుతో కడుపునిండా తినండి. మధ్యలో గుగ్గిళ్లు, పెరుగు దగ్గర పెట్టుకోండి. పగలు గదికి నల్లటి తెర వేసి ఏడు గంటలు పడుకోండి. రెండు వారాల తరువాత కూడా అదే ఆకలి ఉంటే రండి, మెంతుల గురించి మాట్లాడుకుందాం.

పని చేసేచోట అందరూ గుట్కా నములుతారు, ఆకలి వేయదంటారు.

అడ్డాల మీద పొద్దున్నే నిలబడే కూలీల నోట ఈ మాట విన్నప్పుడల్లా నాకు గుండె పిండేసినట్టుంటుంది. పొగాకు ఆకలిని అణుస్తుంది, నిజమే. గుట్కాలోని వక్క కూడా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఎప్పుడో తేల్చింది. కష్టపడే ఒంటికి ఆకలి వేసినప్పుడు అన్నం పెట్టాలి. ఐదు రూపాయల భోజన కేంద్రాలు నగరంలో చాలాచోట్ల ఉన్నాయి, వాళ్లకు ఆ దారి చూపించండి.

నా ఆకలి మామూలుదా, జబ్బా? ఎలా తెలుస్తుంది?

ఎంత తిన్నా ఆకలి, దానితో పాటు దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటే చక్కెర పరీక్ష చేయించండి. తింటూనే బరువు తగ్గుతూ, చేతులు వణుకుతూ, చెమటలు పడుతుంటే థైరాయిడ్ చూపించండి. స్టెరాయిడ్ మందులూ ఆకలి పెంచుతాయి. ఇవేవీ లేకుండా నడుము మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే అప్పుడు తిండి మీద, నడక మీద పనిచేద్దాం. అంతకు తక్కువ ఉన్నవారికి ఆకలి తగ్గించే అవసరమే లేదు.

ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి బరువు మామూలుగానే ఉంది. అయినా ఆకలి వేయని పొడి కావాలంటోంది. ఏది ఇవ్వమంటారు?

ఏదీ ఇవ్వవద్దమ్మా. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఆకలి తగ్గించే మూలిక ఏదైనా తప్పే, ఎముక ఇంకా గట్టిపడే వయసు. అమ్మాయి అందరితో కలిసి తినడం మానేసిందా, తిన్నాక వెంటనే స్నానాలగదికి వెళుతోందా, నెలసరి ఆగిందా, అద్దం ముందు పదేపదే నడుము కొలుచుకుంటోందా, గమనించండి. ఉంటే తిట్టకండి, పళ్లెం ముందు బలవంతపెట్టకండి. పిల్లల వైద్యుడికి, మానసిక వైద్యుడికి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఈ లోపు ఇంట్లో ఆ పొడి డబ్బా ఇప్పటికే ఉంటే, ఈ రాత్రే తీసి మీ దగ్గర పెట్టుకోండి, డాక్టరుకు చూపించాల్సి రావచ్చు.